బావి ఈతగాడికే ముప్పు ఎక్కువ

హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్, ఫిలిం నగర్ రాళ్ళగుట్టల మీద వెలసిన పేటలు. వాటి దరిదాపుల్లో సముద్రం లేదు. అయినా పల్లె యువకులకు సముద్రగర్భాన్ని చూపిస్తున్నవి ఆ పేటలే. 2017లో వచ్చిన ‘ఘాజీ’ జలాంతర్గామి కథ. 2024లో వచ్చిన ‘దేవర’ సముద్రపు కథ. ఇవిగాక తారలు అండమాన్‌కో, మాల్దీవులకో వెళ్ళి వీపున సిలిండరు, నోట గొట్టం పెట్టుకుని చేపల నడుమ తీయించుకున్న ఫొటోలు ప్రతి సెల్‌ఫోనులోనూ తిరుగుతున్నాయి. అవి చూసి, విశాఖ విహారయాత్రకు వెళ్ళినవారు రుషికొండలో తామూ స్కూబా డైవింగ్‌కు దిగుతున్నారు. వద్దనవలసిన పని లేదు. పద్ధతి ప్రకారం దిగితే భయపడవలసినదీ లేదు.

చిక్కల్లా ‘మాకు ఈత వచ్చు గదా’ అనే ధీమాతోనే వస్తుంది.

ఊళ్ళో మోటబావి గట్టు మీది నుంచి దూకి, పాతాళగరిగెకు అందని బిందెను అడుగు నుంచి తెచ్చేవాడు ఏం చేస్తాడు? గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి మునుగుతాడు. బిందె దొరకగానే బాణంలా పైకి వస్తాడు. చిన్ననాటి నుంచి అలవడిన విద్య అది. స్కూబాలో ఈ రెండు పనులే ప్రాణం తీస్తాయి.

కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నీటిలో 10 మీటర్ల లోతున, అంటే సుమారు ఆరు నిలువుల కింద, ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు అవుతుంది. బావి ఈతగాడు ఒడ్డున పీల్చిన గాలి లోపల కుంచించుకుని, పైకి వచ్చేసరికి మళ్ళీ మామూలు అవుతుంది, హాని లేదు. సిలిండరు కట్టుకున్నవాడు లోతునే గాలి పీలుస్తాడు. ఆ గాలి పైకి వస్తున్నకొద్దీ ఉబ్బి రెండింతలవుతుంది. నోరు మూసి, ఊపిరి బిగబట్టి వస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. గాలి బుడగలు నెత్తురులో కలిసి మెదడుకు ఎక్కవచ్చు. దీనికి మహాలోతు అక్కరలేదు. నాలుగైదు అడుగుల నుంచి వచ్చినా ఈ ప్రమాదం జరగవచ్చు.

అందుచేత ఎల్లవేళలా ఊపిరి ఆడిస్తూనే ఉండాలన్నది మొదటి నియమం. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లకు, అంటే 30 అడుగులకు మించరాదు. తాను వదిలిన చిన్న బుడగల కంటే ముందు పోకూడదు.

సినిమాల్లో ఇందుకు విరుద్ధంగా చూపుతారు. విలన్ గొట్టం కోస్తాడు, హీరో ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున పైకి తేలతాడు, హాలంతా ఈలలు! ఇటువంటి దృశ్యాలను తొట్టిలో తీసేటప్పుడు కెమెరా పక్కనే కాపలా ఈతగాళ్ళు ఉంటారన్నది ప్రేక్షకుడికి కనబడదు. జాగ్రత్త లేని షూటింగ్ ఏమవుతుందో 2016 నవంబరులో బెంగళూరు సమీపాన తిప్పగొండనహళ్ళి జలాశయంలో తేలిపోయింది. కన్నడ చిత్రం ‘మాస్తిగుడి’ కోసం హెలికాప్టరు నుంచి దూకిన నటులిద్దరు, లైఫ్ జాకెట్లు లేక మునిగిపోయారు. తెర మీద సిగరెట్టు కనబడితే హెచ్చరిక వేయక తప్పదు గదా. నీటి అడుగు సాహసాలకూ అటువంటి ఒక్క వాక్యం వేయడం ఫిలిం నగర్ నిర్మాతలకు భారం కాబోదు. తన వెనుక శిక్షకుడు పట్టుకుని ఉన్నాడని తారలు ఫొటో కింద రాస్తే వారి ప్రతిష్ఠ తగ్గదు.

మరొక పొరపాటు మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. వీపున ఉండేది ‘ఆక్సిజన్ సిలిండరు’ అంటారు. అందులో ఉండేది కుదించి నింపిన మామూలు గాలి. శుద్ధ ఆక్సిజన్‌ను 20 అడుగుల లోతు దాటి పీలిస్తే విషమవుతుంది.

సైగల సంగతి ఇంకా విచిత్రం. బొటనవేలు పైకెత్తితే సినిమాల్లో ‘భేష్’ అని అర్థం. నీళ్ళలో ‘పైకి పోదాం’ అని. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఇది తెలియక, సంబరంతో బొటనవేలు చూపినవాడిని శిక్షకుడు పైకి తీసుకుపోతే ఆయన తప్పు కాదు.

శిక్షణ లేని కొత్తవారిని 12 మీటర్లకు మించి దింపరాదు, శిక్షకుడు చేతికందే దూరంలో ఉండాలి. దిగుతున్నప్పుడు చెవులు నొప్పి పెట్టక ముందే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి. చెవి తెరుచుకోకపోతే కాస్త పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించాలి తప్ప, పంతానికి పోరాదు. జలుబు ఉన్నవాడు, కల్లు గానీ సారా గానీ తాగినవాడు ఆ రోజుకు ఒడ్డునే కూర్చోవాలి. దిగేముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. అది ఇంగ్లీషులో ఉంటే చదివించుకోవాలి. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ ఉండి కూడా, కట్టిన సొమ్ము పోతుందని దాచి సంతకం పెట్టడం తగదు.

చివరగా అరకు విషయం. మన విశాఖ యాత్రల్లో ఉదయం రుషికొండ, మధ్యాహ్నం అరకు అని పెట్టుకోవడం మామూలు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తున ఉంది. లోతున పీల్చిన గాలిలోని నత్రజని శరీరం నుంచి పోవడానికి సమయం పడుతుంది. ఈలోగా ఘాటెక్కినా, విమానం ఎక్కినా అది బుడగలు కట్టవచ్చు. తక్కువ లోతున కొద్దిసేపు మునిగినవారికి ఈ ముప్పు తక్కువే. అయినా ఒకసారి మునిగాక 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగడం పద్ధతి. బస్సు మాట్లాడుకునేటప్పుడే అరకును ముందు రోజుకో, మర్నాటికో మార్చమని డ్రైవరుకు చెబితే సరి.