పన్ను పెంచుతా, ఓటెయ్యండి

ఎమ్మెల్యేగా పోటీ చెయ్యాలంటే 25 ఏళ్లు నిండాలి. కార్పొరేటర్‌కి 21 చాలు. అంటే మన ఫైనల్ ఇయర్ వాళ్లలో చాలామంది, బ్యాక్‌లాగ్స్ ఉన్నా సరే, నామినేషన్ వెయ్యొచ్చు. ఊరికే ఊహించుకుందాం. మనలో ఒకరు నిలబడ్డారు. పాంప్లెట్‌లో ఉన్నది ఇంతే: "కార్పొరేషన్ డబ్బు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఖర్చు చేయిస్తాను, ప్రతి రూపాయికీ లెక్క చూపిస్తాను, అవసరమైతే ఇంటి పన్ను పెంచమని కౌన్సిల్లో చెయ్యెత్తుతాను." డిపాజిట్ దక్కుతుందా? అనుమానమే. కానీ నా ఓటు మాత్రం ఆ పిచ్చివాడికే.

ఎందుకో హైదరాబాద్ సంగతి చూస్తే అర్థమవుతుంది. 2016 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి. దానికి కాస్త ముందు, ఏడాదికి 1,200 రూపాయల లోపు ఇంటి పన్ను కట్టేవాళ్లకి దాన్ని 101 రూపాయలు చేశారు. రోజుకి 28 పైసలు. తర్వాతి పోలింగ్ 2020 డిసెంబర్ 1న. సరిగ్గా ఆ నవంబర్‌లో దీపావళి కానుక అని, 15,000 లోపు ఇంటి పన్నుల్లో సగం తగ్గించారు. కరోనా, అక్టోబర్ వరదలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డ ఏడాది కాబట్టి రెండోదానికి కారణం ఉంది, కాదనను. పేదవాళ్లకి పన్ను తగ్గిస్తే తప్పు పట్టేవాణ్ణి కూడా కాదు. నా ప్రశ్నల్లా, ఆ తగ్గిన డబ్బు ఎక్కణ్ణించి పూడుస్తారు అని.

ఆ 2020 ఎన్నికల్లోనే ఒకరు నెలకి 20,000 లీటర్ల నీళ్లు ఫ్రీ అన్నారు. ఇంకొకరు ట్రాఫిక్ చలాన్లు కార్పొరేషనే కట్టేస్తుందన్నారు. నీళ్ల బిల్లు జలమండలిది, చలాన్లు పోలీసులవి. కార్పొరేటర్ నిజంగా పట్టించుకోవాల్సిన చెత్త, నాలాలు, కాలనీ రోడ్ల లెక్కలు మాత్రం ఎవరి నోటా పెద్దగా రాలేదు.

మరోపక్క అప్పు ఉంది. 2018, 2019లో జీహెచ్‌ఎంసీ బాండ్లు అమ్మి మూడు విడతలుగా 495 కోట్లు తెచ్చింది. 200 కోట్లు 8.9 శాతానికి, 195 కోట్లు 9.38కి, 100 కోట్లు 10.23కి. కాలిక్యులేటర్ మీ చేతిలోనే ఉంది, వడ్డీ వేసి చూడండి: ఏడాదికి దాదాపు 46 కోట్లు. ఫ్లైఓవర్ కట్టడానికి అప్పు చెయ్యడం నాకు తప్పనిపించదు, అది కొన్ని దశాబ్దాలు నిలిచే ఆస్తి. కానీ వడ్డీ ఏటా కట్టాలి కదా. అందుకు ఏటా వచ్చే రాబడి ఉండాలి. కార్పొరేషన్ తన చేత్తో వసూలు చేసుకునే రాబడిలో ముఖ్యమైనది ఇంటి పన్నే. దాన్ని ఎన్నికలప్పుడల్లా కోసేస్తే మిగిలేది సచివాలయం ముందు చెయ్యి చాచడం. 74వ రాజ్యాంగ సవరణ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా మన కార్పొరేటర్ నోట "పైనించి నిధులు రాలేదండీ" అనే మాట పోలేదంటే కారణం ఇదే. మనకి కానుకలా కనిపించే పన్ను రాయితీ, ఆయనకి తప్పించుకునే దారి.

ఇది మనకి తెలియని రాజకీయమేం కాదు. మెస్ కమిటీ ఎన్నికల్లో ఏం జరుగుతుంది? వారానికి రెండుసార్లు చికెన్, బిల్లు మాత్రం పెరగదు అన్నవాడు గెలుస్తాడు. సెమిస్టర్ మధ్యకొచ్చేసరికి పప్పులో నీళ్లు పెరుగుతాయి. కూరగాయల బిల్లులు నోటీస్ బోర్డు మీద అంటిస్తానన్నవాడికి రూమ్మేట్లు కూడా ఓటెయ్యరు.

పొదుపు అనగానే పనులు ఆపేసే పిసినారితనం గుర్తొస్తుంది మనవాళ్లకి. నేననేది అది కాదు. సీసీ రోడ్డు వేసిన రెండో నెలలో డ్రైనేజీ పైపు కోసం తవ్వుతారు చూడండి, ఆ తవ్వకం ఆపడం. పైపు ముందు, రోడ్డు తర్వాత. దీనికి అర్థశాస్త్రం అక్కర్లేదు, వరస తెలిస్తే చాలు. అలాగే ఎం-బుక్‌లో రాసిన మందం, రోడ్డులో నిజంగా ఉన్న మందం ఒకటేనా అని కోర్ కట్ చేయించి చూడమని పట్టుబట్టడం. సివిల్ బ్రాంచ్ మిత్రులకి ఇది ల్యాబ్‌లో చేసే పనే. ఎం-బుక్ నకలు కావాలంటే సమాచార హక్కు కింద పది రూపాయలు పెట్టి దరఖాస్తు చేసుకోవచ్చు.

అసలు అడగడానికి మనిషే లేని ఊళ్లూ ఉన్నాయి. విశాఖలో 2012లో కౌన్సిల్ గడువు తీరితే మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు అధికారుల పాలనే. మరి ఎన్నికలు పెట్టిన హైదరాబాద్‌లో, 2020లో, సగంమంది కూడా ఓటెయ్యలేదు.

ఈసారి అభ్యర్థి హాస్టల్ గేటు దగ్గరికి వస్తే సెల్ఫీ తీసుకోండి, పర్లేదు. ఆ తర్వాత ఒక్కటి అడగండి: "అన్నా, పోయినేడు మన వార్డులో పన్ను ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది?" తెలియదంటే, రేపు కనుక్కుని చెప్పమనండి.