డైరెక్ట్ చేసేశా బాబాయ్

మా వైపు ఎవరి ట్రాక్టర్ బ్యాటరీ ఎలా ఉందో ఇంటికెళ్లి అడగక్కర్లేదు. సాయంత్రం బండి ఎక్కడ ఆపారో చూస్తే చాలు. వాకిట్లో చదునైన చోట ఉంటే సెల్ఫ్ పనిచేస్తున్నట్టు. చెరువు కట్ట దిగే దారిలో మూతి పల్లానికి పెట్టి, చక్రాల ముందు రెండు రాళ్లు అడ్డం వేసి ఉంటే సంగతి అర్థమైనట్టే. పొద్దున్నే రాళ్లు తీసి, బండిని దొర్లించి, గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను అందుకుంటుంది. పర్చూరు దగ్గర మా బంధువుల బండి రెండేళ్లుగా ఆ కట్ట మీదే కాపురం ఉంటోంది.

మొన్న ఫిబ్రవరిలో ఆ బండి కల్లంలో మిర్చి టిక్కీలు ఎత్తుకుని రోడ్డెక్కబోతుండగా కరెంటంతా ఒక్కసారిగా పోయింది. లైట్లు లేవు, హారన్ లేదు, మీటరు బోర్డు చీకటి. ఇంజను మాత్రం తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. బండి తోలుతున్న కుర్రాడు కంగారుపడి స్టాపర్ లాగేశాడు. ఆ తర్వాత తాళం ఎన్నిసార్లు తిప్పినా టిక్కుమన్న చప్పుడు కూడా లేదు. రాత్రి తొమ్మిది. తెల్లారేసరికి సరుకు గుంటూరు యార్డులో ఉండాలి.

కుర్రాడు ఇంజను ఆపకుండా ఉండాల్సిందని తర్వాత అందరూ అన్నారు. నిజమే, పాత డీజిల్ ఇంజనుకు నడిచేటప్పుడు కరెంటుతో పనిలేదు. పెట్రోలు బండిలా నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని పదహారు, పదిహేడో వంతుకు అదిమితే ఐదారు వందల డిగ్రీల వేడి పుడుతుంది, అందులో చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును నడిపి చూపించింది ఈ సూత్రంతోనే. కానీ నడపగలిగినంత మాత్రాన నడపొచ్చా? వెనక లైటు లేని మిర్చి ట్రక్కుతో చిలకలూరిపేట హైవే ఎక్కడమంటే వెనక వచ్చే లారీవాడి మీద భారం వేసినట్టే. నన్నడిగితే కుర్రాడు చేసిందే మేలు.

మెకానిక్ వచ్చాడు. బండి దగ్గరికి నడిచొస్తూనే "బ్యాటరీ పోయింది బాబాయ్" అన్నాడు. ఏడు వేలు పెట్టి కొత్తది వేశారు. లైట్లు వెలిగాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడో రోజు మళ్లీ అదే చీకటి. ఈసారి అతను సీటు కింద నుంచి ఒక వైరు తీసి, బ్యాటరీ ప్లస్సు నుంచి తాళం స్విచ్‌కి సూటిగా కలిపి, టేపు చుట్టి, చేతులు దులుపుకున్నాడు. "డైరెక్ట్ చేసేశా బాబాయ్, ఇక పదేళ్లు చూసుకోనక్కర్లేదు."

ఈ 'డైరెక్ట్' అనే మాట మీదే నాకు కోపం. గుంటూరు నుంచి మార్కాపురం దాకా ఏ షెడ్డుకెళ్లినా ఇదే మందు. ఫ్యూజు పోతుంటే తీగ ముక్క పెట్టు, క్లచ్ కింద స్విచ్ మొరాయిస్తే దాని రెండు వైర్లూ మెలిపెట్టు, సెల్ఫ్ అందకపోతే కింద నిలబడి బోల్టుల మధ్య స్పానర్ ఆనించు. పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజుకి అల్యూమినియం పోగులు చుట్టే చేతులే ఇవీ. స్పానర్ ఆనించినప్పుడు బండి గేరులో ఉందా లేదా చెప్పేవాడు ఉండడు. ఉంటే ముందు చక్రం పక్కన నిలబడ్డ మనిషి మీదుగానే బండి పోతుంది. క్లచ్ తొక్కితే తప్ప సెల్ఫ్ అందకుండా ఆ స్విచ్ పెట్టింది ఇందుకే.

మన డైరెక్ట్ వైరు బానెట్ అంచుకి రాసుకుని పది రోజుల్లో పైతొడుగు పోగొట్టుకుంది. రాగి ఇనుముకి తగిలింది. మధ్యలో ఫ్యూజు లేదు గనక బ్యాటరీ తన దగ్గరున్నదంతా ఆ వైర్లో కుమ్మరించింది. పొగ చూసి ఎవరో బ్యాటరీ క్లిప్పు ఊడబెరికారు. ట్రక్కులో ఎండు మిర్చి బదులు ఆ రోజు పత్తి ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

చివరికి చిలకలూరిపేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో ఇండికేటరు బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. ఒక వైరు ఇంజను బాడీకి తగిలించి, రెండోదాన్ని బ్యాటరీ ప్లస్సు మీద పెట్టాడు, బల్బు వెలిగింది. ప్లస్సు కేబులు వచ్చి కలిసే సెల్ఫ్ బోల్టు మీద పెట్టాడు, వెలిగింది. అక్కడి నుంచి పైకి వెళ్లే సన్న వైరు చివర, తాళం స్విచ్ దగ్గర పెట్టాడు, వెలగలేదు. రోగం ఆ మూరెడు వైరులోనే ఉందన్నమాట. బోల్టు దగ్గరి రింగు విప్పితే పచ్చగా చిలుము పట్టి ఉంది, తొడుగు లోపల రాగి పోగులు దాదాపు అన్నీ తెగి, రెండు మూడు ఒకదానికొకటి ఆనీ ఆననట్టు ఉన్నాయి. మెకానిక్ బ్యాటరీ మారుస్తూ ఆ బోల్టు కదిలించినప్పుడు అవే కలిశాయి, మూడు రోజులకు బండి అదురుడుకి విడిపోయాయి. కొత్త బ్యాటరీ చేసిందేమీ లేదు.

ఆ వైరు మార్చి అంతటితో వదల్లేదాయన. "మరి బండి కట్ట మీదెందుకు పెడుతున్నారయ్యా?" అన్నాడు. లైట్లు బాగానే వెలుగుతాయండీ, సెల్ఫే తిరగదు అన్నారు. ఈసారి జేబులోంచి మీటరు తీసి, బ్యాటరీ మైనస్సుకీ ఇంజను బాడీకీ మధ్య పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. అర వోల్టు దాటకూడని చోట నాలుగు చూపించింది. బాడీకి ఎర్త్ పట్టీ బిగించిన చోట తుప్పు, దాని మీద ఎప్పుడో వేసిన రంగు. ఆ తుప్పు అడ్డు ఓము లెక్కన ఎంతో కాదు, 0.02. రెండు హెడ్‌లైట్లు లాగే తొమ్మిది ఆంపియర్లకు అక్కడ పోయేది పావు వోల్టు కూడా ఉండదు, అందుకే లైట్లు కళకళలాడతాయి. సెల్ఫ్ లాగేది రెండు వందల ఆంపియర్లు. అక్కడే నాలుగు వోల్టులు ఆవిరి. పన్నెండులో నాలుగు పోతే ఇంజను తిప్పే బలం సెల్ఫ్‌కి ఎక్కడుంటుంది? గరుకు కాగితంతో గీకి, ఇనుము మెరిశాక బిగించి, పైన గ్రీజు పూశాడు. తిప్పగానే ఇంజను అందుకుంది. ఐదు వందలిస్తే మూడొందలు తీసుకున్నాడు.

టెక్సాస్‌లో ఫ్రిస్కో దగ్గర ఉంటున్న మా మేనల్లుడికి ఇదంతా చెబితే నవ్వాడు. వాడి ఇంటి వెనక గడ్డి కోసే డీజిల్ బండి కూడా నట్టనడుమ ఇలాగే చచ్చిందట. తేడా ఏమిటంటే దాంట్లో డీజిల్ దారిని తెరిచి పట్టుకునేది కరెంటుతో పనిచేసే సొలినాయిడ్. కరెంటు పోతే ఇంజనూ ఆగిపోతుంది. సీటు కింద స్విచ్ వైరు నలిగి ఫ్యూజు పోయిందట. ఫ్యూజు పోవడమంటే అది తన పని తాను చేసినట్టే గదా మామయ్యా అన్నాడు. వాడిని చిన్నప్పుడు మందబుద్ధి అనుకునేవాళ్లం.

కరెంటు పోతే ఇంజనూ ఆగే రోజులు మనకీ వచ్చేశాయి. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వీటిలో చాలావాటికి డీజిల్ కొలిచి పోసేది కంప్యూటరు. వాటికి డైరెక్ట్ వైద్యం చేస్తే కాలేది మూడొందల వైరు కాదు. అమ్మేవాళ్లను నేనడిగేది ఒక్కటే. వైర్లు ఎటునుంచి ఎటు పోతాయో, ఏ ఫ్యూజు దేనిదో చూపించే బొమ్మ ఒకటి తెలుగులో అచ్చేసి బానెట్ లోపల అంటించండి. నేను చూసిన పుస్తకాల్లో ఆ బొమ్మ ఉంటే ఇంగ్లీషులో ఉంది, పుస్తకమేమో బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

సెల్ఫ్ బాగై రెండు నెలలైంది. ఒక్క చిటికెలో అందుకుంటోందని మా వాళ్లు ఫోనులో మురిసిపోయారు. పోయిన ఆదివారం వెళ్లి చూశాను. బండి కట్ట మీదే ఉంది, చక్రాల ముందు రెండు రాళ్లతో.