విమానాశ్రయ భద్రత: పుస్తకం సలహాదారు రాస్తాడు, బాధ్యత ఎవరిది?

గన్నవరం: విమాన భద్రత విమానం ఎక్కేవారి గొడవ, మనకేం సంబంధం అని పల్లెల్లో చాలామంది అంటూ ఉంటారు. 2025 జూన్ 12న అహమ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం వైద్య కళాశాల వసతిగృహం మీద కూలినప్పుడు విమానంలోని 242 మందిలో 241 మంది చనిపోయారు. వారితోపాటు కింద నేల మీద ఉన్న 19 మంది కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రమాద కారణాల చర్చ వేరు. విమానాశ్రయం చుట్టుపక్కల బతికేవారికి ఈ విషయంతో ఎంత సంబంధం ఉందో చెప్పడానికి ఆ 19 మరణాలు చాలు.

ఆ దుర్ఘటన తర్వాత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డి.జి.సి.ఎ.) ఢిల్లీ, ముంబయి వంటి పెద్ద విమానాశ్రయాల్లో తనిఖీలు జరిపింది. 2025 జూన్ 24న కొన్ని లోపాలను బయటపెట్టింది. ఒకచోట రన్‌వే మధ్య గీత వెలిసిపోయింది. చుట్టూ కొత్త కట్టడాలు ఎన్నో లేచినా, అడ్డుగా ఉన్న వాటి లెక్కలను మూడేళ్ళుగా సరిచూడలేదు, కొలతలూ తీయలేదు. పెద్ద పెద్ద విమానాశ్రయాల్లోనే ఇలా ఉంటే చిన్నవాటి మాటేమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

ఈ ప్రశ్నకు ఇప్పుడు చాలాచోట్ల వినిపించే జవాబు ఒక్కటే: ‘‘భద్రతా కార్యక్రమం ఏర్పాటుకు కన్సల్టెంటును పెట్టుకుందాం’’ అని. ఆ జవాబులో మంచి ఎంత, తప్పించుకునే ధోరణి ఎంత అన్నది సామాన్యులు కూడా తెలుసుకోదగిన సంగతి.

ఏమిటీ పద్ధతి?

భద్రతా నిర్వహణ వ్యవస్థ అనే పేరు వింటే కొత్తగా తోస్తుంది కాని, కృష్ణా కాలువల కింద సేద్యం చేసేవారికి ఇందులో కొత్తేమీ లేదు. కాలువకు గండి పడ్డాక ఇసుక బస్తాలు వేయడం ఒక పని. గండి పడకముందే గట్టు మీద తిరిగి, ఎండ్రకాయ బొరియ ఎక్కడుందో, చెమ్మ ఎక్కడ కారుతున్నదో చూసి పూడ్చడం వేరొక పని. మొదటి పనికి ఊరంతా కదలాలి. రెండో పనికి లస్కరు ఒక్కడు చాలు. అయితే అతడు రోజూ తిరగాలి, చూసింది పైవారికి చెప్పాలి, పైవారు విని మట్టి వేయించాలి.

విమానాశ్రయంలోనూ అంతే. ఏ అపాయం రావచ్చునో ముందే గుర్తించాలి. అది ఎన్నిసార్లు రావచ్చు, వస్తే ఎంత నష్టం అని రెండు విధాల తూకం వేయాలి. ఎక్కువ ప్రమాదకరమైన దాన్ని ముందు సరిచేయాలి. చేసింది నిలిచిందో లేదో మళ్ళీ చూడాలి. ఈ పని అందరికీ నేర్పాలి. పై నుంచి కింది దాకా ఎవరు దేనికి జవాబుదారో కాగితం మీద ఉండాలి. అందరికంటె పైన ఒక బాధ్యుడైన అధికారి ఉండాలి. డబ్బు ఖర్చుపెట్టే అధికారం కూడా అతనికే ఉండాలి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2005 నవంబరు నుంచి లైసెన్సు గల విమానాశ్రయాలకు ఈ పద్ధతిని నియమం చేసింది. మన దేశంలో డి.జి.సి.ఎ. 2010లో దీనికి నిబంధనలు జారీ చేసింది. అమెరికాలో ఇది ఇంకా ఆలస్యంగా, 2023లో నియమమైంది. అక్కడ రెండు వందలకు పైగా విమానాశ్రయాలు ఈ నియమం కిందికి వచ్చాయి. ప్రణాళికలు, పుస్తకాలు రాసిపెట్టడానికి సలహా సంస్థలకు అక్కడ బోలెడు పని దొరికింది.

సలహాదారు ఎందుకు?

గన్నవరం విమానాశ్రయాన్ని నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. దేశమంతటా విమానాశ్రయాలున్న ఆ సంస్థకు భద్రత చూసే సొంత విభాగం ఉంది. కాని అన్ని విమానాశ్రయాలూ దాని చేతిలో లేవు. 2021 మార్చిలో మొదలైన కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయం రాష్ట్ర ప్రభుత్వానిది. పుట్టపర్తిలోనిది ట్రస్టుది. రోజుకు కొద్ది విమానాలే వచ్చే చోట ఇటువంటి విద్య తెలిసిన ఉద్యోగులను ఏడాది పొడుగునా జీతమిచ్చి ఉంచుకోవడం భారమే. అటువంటి చోట విమానాశ్రయాల్లోనో, వైమానిక దళంలోనో పనిచేసి రిటైరైన అనుభవజ్ఞుడిని కొంతకాలం పెట్టుకోవడంలో తప్పు లేదు.

మంచి సలహాదారు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. నిబంధన ఏమంటున్నది, ఇక్కడ ఏం జరుగుతున్నది అని పక్కపక్కన పెట్టి లోటు చూపగలడు. పుస్తకం రాసిపెట్టగలడు. సిబ్బందికి శిక్షణ ఇవ్వగలడు. పైగా బయటివాడు కనుక, లోపలివారు మొహమాటానికో భయానికో దాచే మాటను నిర్మొహమాటంగా చెప్పగలడు. అన్నిటికంటె విలువైనది ఈ చివరిదే.

ఇక చెడు వైపు చూద్దాం. ఒక విమానాశ్రయానికి రాసిన పుస్తకంలో పేరు మార్చి ఇంకొకదానికి ఇచ్చే సలహాదారులు ఉంటే, వారి కూలి దండగ. కొండ మీది రన్‌వేకు రాసింది డెల్టాలో వరిచేల మధ్య ఉన్న రన్‌వేకు అతకదు. పుస్తకం రాసినవారే తర్వాత వచ్చి అంతా బాగుందని తనిఖీ కాగితం ఇస్తే, పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకున్నట్లవుతుంది. ఒప్పందం ముగిసి ఆయన వెళ్ళిపోయాక పుస్తకం బీరువాలో పడి ఉంటే, లైసెన్సు కోసం చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

కోజికోడ్ పాఠం

సలహా చెప్పడం వేరు, వినడం వేరు అనడానికి కేరళలోని కోజికోడ్ పెద్ద ఉదాహరణ. 2010 మే 22న మంగుళూరులో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. ఎనిమిది మందే బతికారు. ఆ తర్వాత కేంద్రం భద్రత విషయంలో సలహా చెప్పడానికి ఒక కమిటీ వేసింది. అందులో సభ్యుడైన కెప్టెన్ మోహన్ రంగనాథన్ 2011లోనే కోజికోడ్ గురించి హెచ్చరిస్తూ ఉత్తరం రాశారు. అదీ మంగుళూరులాగే కొండ నెత్తిన చదును చేసిన రన్‌వే. వానలో, వెనుక గాలి వీస్తుండగా అక్కడ దిగడం ప్రాణాలకు ముప్పు అన్నది ఆయన మాటల సారాంశం.

2019 జూలైలో డి.జి.సి.ఎ. తనిఖీ చేసి, రన్‌వేపై పగుళ్ళు, నిలిచిన నీరు, చక్రాల రబ్బరు మేట కనిపించాయని ఆ విమానాశ్రయానికి నోటీసు ఇచ్చింది. 2020 ఆగస్టు 7న వానలో, వెనుక గాలితో దిగిన విమానం రన్‌వే దాటి కిందికి జారి ముక్కలైంది. పైలట్లిద్దరితో సహా 21 మంది చనిపోయారు.

దర్యాప్తు నివేదిక 2021లో వచ్చింది. విమానం సరిగా కుదురుకోకుండానే, దిగవలసిన చోటు దాటిపోయి దిగడం, అంటే పైలట్ పద్ధతి పాటించకపోవడం ముఖ్య కారణమని అది తేల్చింది. వ్యవస్థలోని లోపాలు కూడా తోడయ్యాయని చెప్పింది. కనుక తప్పంతా విమానాశ్రయానిదే అనడం న్యాయం కాదు. కాని మనిషి పొరపాటు పడతాడని తెలిసే కదా రన్‌వే చివర అదనపు నేల వదలమంటారు! ఆ నేల కనీసం 90 మీటర్లు, వీలైతే 240 మీటర్లు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. తెలిసినవాడి హెచ్చరిక తొమ్మిదేళ్ళు కాగితం మీదే ఉంటే, ఇంకో పదిమంది తెలిసినవారిని పిలిచినా ఫలితం అంతే.

మన ముంగిట్లో

గన్నవరం రన్‌వేకు కొండ లేదు, లోయ లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం వాడిన ఈ మైదానానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. రన్‌వే 3,360 మీటర్లకు పెరిగింది. ఇక్కడి అపాయాలు వేరు.

2021 ఫిబ్రవరి 20న దోహా నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం క్షేమంగా దిగి, ఆగే చోటికి నడుస్తుండగా దాని రెక్క విద్యుత్ దీపస్తంభానికి తగిలింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. 2025 సెప్టెంబరులో బెంగళూరు వెళ్ళవలసిన విమానానికి గద్ద తగలడంతో ప్రయాణం రద్దయింది. రెండూ ప్రాణాలు తీయలేదు కనుక చిన్న వార్తలుగా పోయాయి. భద్రతా పద్ధతి మాత్రం సరిగ్గా ఇటువంటి చిన్న వార్తల మీదే నిలబడాలి. స్తంభానికి తగిలిన రెక్కలో ఇంధనం ఉంటుంది. విమానం పైకి లేచే వేళ గద్ద ఇంజనులో పడితే సంగతి ఇంకోలా ఉంటుంది.

పశువులు, పందుల విషయమూ తేలిక కాదు. 2014 నవంబరులో సూరత్‌లో పైకి లేవబోతున్న స్పైస్‌జెట్ విమానానికి గేదె అడ్డం వచ్చింది. 2015 డిసెంబరులో జబల్‌పూర్‌లో అదే సంస్థ విమానం అడవి పందులను ఢీకొని రన్‌వే పక్కకు ఒరిగింది. గోడ ఎక్కడ కూలిందో, పంది ఏ తూములో దూరుతున్నదో ఎక్కడో నగరంలో కూర్చున్న సలహాదారుకు తెలియదు. గోడ పక్కన గేదెలు కాసే పిల్లవాడికి తెలుస్తుంది.

పల్లెల వంతు

విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పశువులను కోయడం, చెత్త, మాంసపు వ్యర్థాలు పక్షులు మూగేలా పారవేయడం 1937 నాటి విమాన నియమాల్లోని 91వ నియమం ప్రకారం నిషేధం. శుభ్రత ఏర్పాట్లు ఉంటే ప్రత్యేక అనుమతి పొందవచ్చు. 10 కిలోమీటర్లంటే మాటలు కాదు, గన్నవరం చుట్టూ ఎన్నో పంచాయతీలు ఆ గీత లోపలే ఉంటాయి. రోడ్డు పక్కన కోడి వ్యర్థాలు పోసే దుకాణదారులకు ఈ నియమం గురించి ఎవరైనా చెప్పారా? చెత్త వేయడానికి వేరే చోటు, తరలించడానికి ట్రాక్టరు ఇవ్వకుండా వేయవద్దంటే పంచాయతీ ఏం చేస్తుంది?

ఇల్లు కట్టుకునేవారిదీ ఇదే అవస్థ. రన్‌వేకు దగ్గర్లో ఎంత ఎత్తు కట్టవచ్చో కొలత ఉంటుంది, దానికి అనుమతి పత్రం కావాలి. ఇల్లు లేచాక వచ్చి మేడ తీసేయమంటే నష్టపోయేది అప్పు చేసి కట్టినవాడే. మూడేళ్ళు కొలతలు తీయని విమానాశ్రయం ఉండవచ్చునని ఢిల్లీ పెద్దలే ఒప్పుకున్నప్పుడు, నింద ఒక్క ఇంటివాడి మీద వేయడం సబబు కాదు.

ఇంకొక ముఖ్య విషయం. విమానాశ్రయాల్లో గడ్డి కోసేవారు, ఊడ్చేవారు, సామాను బళ్ళు తోలేవారు ఎక్కువగా కాంట్రాక్టరు కింద పనిచేసే చుట్టుపక్కల ఊళ్ళ కూలీలు. రన్‌వే పక్కన ఊడిన మేకును మొదట చూసేది వారే. చూసింది చెప్పినవాడిని శిక్షించకూడదన్నది ఈ పద్ధతికి పునాది. కాని చెబితే రేపు పనిలోకి రావద్దంటారేమోనని భయపడే కూలీ నోరు విప్పడు. సలహాదారు ఇంగ్లీషులో రాసిన పుస్తకం అతనికి అందదు. తెలుగులో నాలుగు ముక్కలు, పేరు రాయకుండా చీటీ వేసే ఒక పెట్టె, చీటీ వేశాక ఏం చేశారో చెప్పే ఒక నోటీసు బోర్డు ఉంటే ఆ పుస్తకం కంటె ఎక్కువ మేలు చేస్తాయి.

ఏం చేయాలి?

సలహాదారును పెట్టుకునేటప్పుడు ఒప్పందంలోనే కొన్ని షరతులు ఉండటం మంచిది. చుట్టుపక్కల ఊళ్ళు స్వయంగా తిరిగి చూడాలి. ఏ లోపాన్ని ఎవరు, ఏ తేదీలోగా సరిచేయాలో పేరుపేరునా రాయాలి. వెళ్ళిపోయే ముందు ఆ పనిని అక్కడి ఉద్యోగులకు నేర్పి వెళ్ళాలి. తనిఖీ మాత్రం వేరొకరు చేయాలి.

ప్రభుత్వం వైపు నుంచి జరగవలసింది కూడా ఉంది. విమానాశ్రయ పరిసరాలపై అధికారుల సమావేశాలు జరుగుతుంటాయి. వాటికి సర్పంచులను పిలవాలి. ఇంటి ఎత్తు కొలతల పటం ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉండాలి. గోడ కూలినా, పశువు లోపలికి పోయినా చెప్పడానికి ఒక ఫోను నంబరు ఊరందరికీ తెలియాలి. చెత్త తరలింపునకు విమానాశ్రయ రాబడి నుంచి పంచాయతీలకు కొంత ఇవ్వడం న్యాయం. శుభ్రత వల్ల లాభపడేది విమానాలే కదా!

ఊరివారి వంతు కూడా లేకపోలేదు. గోడకు కన్నం పెట్టి గేదెలను లోపలికి తోలడం, కోడి వ్యర్థాలు కాలువలో పోయడం మనమే మానాలి.

ప్రమాదం జరిగాక అగ్నిమాపక శకటం మూడు నిమిషాల్లో రన్‌వే ఏ మూలకైనా చేరాలన్నది నియమం. ఆ మూడు నిమిషాల అవసరమే రాకుండా చూసేదే భద్రతా కార్యక్రమం. సలహాదారు దారి చూపవచ్చు. ఆయన వెళ్ళిపోయాక ఆ దారిన రోజూ నడవవలసింది విమానాశ్రయ అధికారులు, వారిని నడిపించవలసింది ప్రభుత్వం. గట్టు మీద రోజూ తిరిగే లస్కరు లేని కాలువకు ఎంత పెద్ద ఇంజనీరు వచ్చి పటం గీసినా గండి ఆగదని ఈ డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.