అభిమానుల చందాకు వాటా ఏది? వార్నర్ బ్రదర్స్‌కు బహిరంగ లేఖ

వార్నర్ బ్రదర్స్ సంస్థ యాజమాన్యానికి,
బర్‌బ్యాంక్, కాలిఫోర్నియా.

అయ్యా, అమ్మా,

2013 మార్చి 13న రచయిత రాబ్ థామస్, నటి క్రిస్టెన్ బెల్ ఆన్‌లైన్‌లో జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో ఒక విన్నపం పెట్టారు. ఆరేళ్ల కిందట ఆగిపోయిన ‘వెరోనికా మార్స్’ సిరీస్‌ను సినిమాగా తీస్తామని, అందుకు 20 లక్షల డాలర్లు కావాలని, నెల రోజులు గడువని చెప్పారు. పన్నెండు గంటలైనా గడవకముందే ఆ మొత్తం జమ అయింది. గడువు ముగిసేసరికి 91,585 మంది కలిసి 57,02,153 డాలర్లు ఇచ్చారు. ఆ సిరీస్ హక్కులు మీవి. ఆ సినిమాను విడుదల చేసింది మీరు. అందుకే ఈ లేఖ మీకు.

‘వెరోనికా మార్స్’ 2004లో యూపీఎన్ ఛానెల్‌లో మొదలైంది. కాలిఫోర్నియా తీరాన నెప్ట్యూన్ అనే కల్పిత పట్టణం. అక్కడి హైస్కూల్లో చదువుకుంటూ, డిటెక్టివ్ అయిన తండ్రి ఆఫీసులో పనిచేసే ఓ అమ్మాయి. ప్రాణస్నేహితురాలిని చంపిందెవరో తేల్చి తీరాలన్న ఆమె పంతమే మొదటి సీజన్‌ను నడిపిస్తుంది. డబ్బున్న ఇళ్ల పిల్లలకూ లేని ఇళ్ల పిల్లలకూ మధ్య లేచిన గోడను ఆ సిరీస్ ఎక్కడా దాచలేదు. విమర్శకులు మెచ్చుకున్నారు కానీ రేటింగులు రాలేదు. 2006లో యూపీఎన్, డబ్ల్యూబీ ఛానెళ్లు మూతపడి వాటి స్థానంలో సీడబ్ల్యూ వచ్చింది. కొత్త ఛానెల్ ఒక సీజన్ నడిపి, 2007లో ఆపేసింది. మూడు సీజన్లు, 64 ఎపిసోడ్లతో కథ తెగిపోయింది. అభిమానులు వేలకొద్దీ మార్స్ చాక్లెట్లు ఛానెల్ ఆఫీసుకు పంపారు. ఫలితం లేకపోయింది.

అమెరికన్ టీవీలో ఇలాంటి మొర కొత్తది కాదు. 1968లో ‘స్టార్ ట్రెక్’ ఆగిపోకుండా ప్రేక్షకులు ఎన్‌బీసీకి ఉత్తరాలు కురిపించి మూడో సీజన్ సాధించుకున్నారు. 2007లో ‘జెరికో’ అభిమానులు సీబీఎస్‌కు టన్నులకొద్దీ వేరుశనగలు పంపి మరో ఏడు ఎపిసోడ్లు తీయించుకున్నారు. మీ సంస్థే తీసిన ‘చక్’ సంగతి మీకు తెలుసు. 2009లో అభిమానులు సబ్‌వే దుకాణాల ముందు వరసకట్టి శాండ్‌విచ్‌లు కొన్నారు. స్పాన్సర్‌కు లాభం చూపిస్తే ఎన్‌బీసీ వింటుందని వాళ్ల లెక్క. లెక్క తప్పలేదు, సబ్‌వే తోడ్పాటుతో మూడో సీజన్ వచ్చింది.

ఉత్తరాలైనా, వేరుశనగలైనా, శాండ్‌విచ్‌లైనా అవన్నీ యజమానిని బతిమాలుకోవడాలే. 2013లో జరిగింది వేరు. ప్రేక్షకులు మొదటిసారి అంత పెద్ద ఎత్తున నిర్మాణ ఖర్చే తమ జేబుల్లోంచి తీసి ముందుగా బల్ల మీద పెట్టారు. నిర్మాత స్థానంలో నిలబడ్డారు. వాళ్లకు దక్కింది మాత్రం నిర్మాతకు దక్కాల్సింది కాదు.

ఏం దక్కిందో చూడండి. 35 డాలర్లు ఇచ్చినవారికి టీషర్టు, స్క్రిప్టు పీడీఎఫ్, సినిమా డిజిటల్ కాపీ. పదివేల డాలర్లు ఇచ్చిన ఒకరికి తెర మీద డైలాగు ఉన్న చిన్న వేషం. లాభంలో వాటా ఎవరికీ లేదు. 2014 మార్చి 14న సినిమా 291 థియేటర్లలో విడుదలై, అమెరికాలో 33 లక్షల డాలర్లు వసూలు చేసింది. అదే రోజు ఆన్‌లైన్‌లోనూ అమ్మకానికి వచ్చింది. అభిమానులకు మీరు మాట ఇచ్చిన డిజిటల్ కాపీని ఫ్లిక్‌స్టర్, అల్ట్రావయొలెట్ సేవల ద్వారా పంపారు. అది చాలామందికి తెరుచుకోలేదు. ఫిర్యాదులు వెల్లువెత్తాక, వేరే చోట సినిమా కొనుక్కున్న వాళ్లకు ఆ డబ్బు వెనక్కి ఇచ్చారు. అది మంచి పనే. కానీ ఆ అల్ట్రావయొలెట్ సేవే 2019 జులైలో మూతపడింది. సినిమా పుట్టుకకు డబ్బు పెట్టినవాళ్లు తమ కాపీని కాపాడుకోవడానికి మరో దుకాణంలో ఖాతా వెతుక్కోవాల్సి వచ్చింది.

థియేటర్ వసూళ్లు చూసి ఇదొక చిన్న వ్యవహారమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ సినిమా తర్వాత జరిగినవి కూడా పద్దులో రాయాలి. అదే పాత్రలతో రాబ్ థామస్ పేరిట రెండు నవలలు వచ్చాయి. 2019లో హులు స్ట్రీమింగ్ సేవ కోసం ఎనిమిది ఎపిసోడ్ల నాలుగో సీజన్ తయారైంది. 2007లో విలువ లేదని పక్కన పెట్టిన ఆస్తికి మళ్లీ ప్రాణం పోసింది 91,585 మంది చందా. ఆ ఆస్తి ఇప్పటికీ పూర్తిగా మీదే.

నాటి పరిస్థితుల గురించి ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. 2013లో మీరు వాటా ఇద్దామనుకున్నా అమెరికా చట్టం సులువుగా ఒప్పుకునేది కాదు. కొద్దిపాటి మొత్తాలు పెట్టే సామాన్యుల నుంచి ఆన్‌లైన్‌లో పెట్టుబడి తీసుకోవచ్చని 2012లో జాబ్స్ చట్టం చెప్పినా, దాని నిబంధనలు అమల్లోకి వచ్చింది 2016 మేలో. 2021లో ఏడాదికి 50 లక్షల డాలర్ల దాకా అలా సేకరించే వీలు కల్పించారు. ‘వెరోనికా మార్స్’కు వచ్చిన మొత్తానికి అది దగ్గర దగ్గరే. మరో నిబంధన కింద ఇంతకంటే పెద్ద మొత్తాలు కూడా సేకరించవచ్చు. యేసు జీవితం మీద వచ్చిన ‘ది చోజెన్’ సిరీస్ మొదటి సీజన్‌కు వేలమంది సామాన్యులు కోటి డాలర్లకు పైగా పెట్టి, టీషర్టులకు బదులు షేర్లు తీసుకున్నారు. అంటే వాటా ఇవ్వడానికి దారి ఉంది. ఆ దారిలో నడిచినవాళ్లూ ఉన్నారు.

మన ఊళ్లలో శ్రీరామనవమి పందిరికి ఇంటింటా చందా ఎత్తితే, ఉత్సవం అయ్యాక నలుగురిలో జమాఖర్చులు చదివి వినిపిస్తారు. పది రూపాయలు ఇచ్చినవాడికైనా ఆ లెక్క అడిగే హక్కు ఉంటుంది. 57 లక్షల డాలర్లు ఇచ్చినవాళ్లకు ఆ హక్కు లేకపోవడం తగదు.

అసలు ఇంత పెద్ద సంస్థకు మామూలు జనం డబ్బు ఇవ్వడమేమిటని అప్పట్లో చాలామంది విమర్శకులు అడిగారు. ఆ ప్రశ్నలో బలం ఉంది. అయితే అభిమానులు దానం చేయలేదు, తమకు కావలసిన కథకు ముందుగా వెల కట్టారు. స్టూడియోలు ఒంటరిగా డబ్బు పెట్టినప్పుడు ఎంత భయపడతాయో ‘ఫైర్‌ఫ్లై’ చెబుతుంది. 2002లో ఫాక్స్ 14 ఎపిసోడ్లు తీయించి, 11 మాత్రమే ప్రసారం చేసి ఆపేసింది. యూనివర్సల్ 2005లో దాన్ని ‘సెరెనిటీ’ సినిమాగా తీసింది. సుమారు 3.9 కోట్ల డాలర్లు ఖర్చయితే థియేటర్లలో వచ్చింది ఇంచుమించు అంతే. కథ మళ్లీ అక్కడే ఆగిపోయింది. ప్రేక్షకులు ముందే డబ్బు కడితే స్టూడియో మీద పడే ఆ భారం తగ్గుతుంది. భారం పంచుకున్నవాళ్లతో ఫలితం కూడా పంచుకోవాలని మాత్రమే ఈ లేఖ కోరుతోంది.

హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ఇక్కడ అసలు ముడి. ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ సిరీస్ సృష్టికర్త జోయెల్ హాడ్జ్‌సన్ 2015లో షౌట్ ఫ్యాక్టరీ సంస్థతో కలిసి ముందు హక్కులు చేజిక్కించుకున్నాడు. తర్వాతే అభిమానుల ముందుకు వెళ్లి 57,64,229 డాలర్లు సేకరించి, ‘వెరోనికా మార్స్’ మొత్తాన్ని దాటేశాడు. కొత్త ఎపిసోడ్లు నెట్‌ఫ్లిక్స్‌లో రెండు సీజన్లుగా వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్ వద్దనుకున్నాక 2021లో మళ్లీ అభిమానుల దగ్గరికే వెళ్లి కొత్త సీజన్ తీశాడు. హక్కులు లేకుండా దిగినవాళ్ల గతి వేరు. ‘స్టార్ ట్రెక్’ ప్రపంచంలో ‘ఆక్సనార్’ పేరుతో సినిమా తీయడానికి అభిమానులు పది లక్షల డాలర్లకు పైగా పోగుచేస్తే, 2015 డిసెంబర్‌లో పారమౌంట్, సీబీఎస్ కోర్టుకెక్కాయి. ఆ తర్వాత ఆ సంస్థలు తెచ్చిన నియమాల ప్రకారం అభిమానుల సినిమా ఒక్కో భాగం 15 నిమిషాలు, మొత్తం అరగంట దాటకూడదు. సేకరణ 50 వేల డాలర్లు మించకూడదు.

తెలుగువాళ్లకూ ఇది తెలియని సంగతి కాదు. 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’ను జనం ఇంకా వదల్లేదు. గుణ్ణం గంగరాజు 2014లో దాన్ని ‘అమృతం చందమామలో’ సినిమాగా తెచ్చారు. 2020లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. ఆ కథ దాన్ని పుట్టించినవాళ్ల చేతుల్లోనే ఉంది కాబట్టి ఎవరి గడపా తొక్కాల్సిన పని లేకపోయింది. ఇక డబ్బు పెట్టినవాళ్లకు గౌరవం ఎలా ఇవ్వాలో 1976లోనే శ్యామ్ బెనెగల్ ‘మంథన్’ చూపించింది. గుజరాత్‌లో ఐదు లక్షల మంది పాడి రైతులు తలా రెండు రూపాయలు వేసి తీయించుకున్న సినిమా అది. నిర్మాతలు ఆ రైతులేనని తెర మీద పేర్లలోనే చెప్పారు.

మీ అటక మీద ఉన్నవి తక్కువేం కాదు. ‘పుషింగ్ డెయిసీస్’ 2007లో ఏబీసీలో మొదలైంది. రచయితల సమ్మె వల్ల మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లకే ఆగింది, రెండోదాని తర్వాత సిరీసే ఆగింది. ఆపేశాక 2009లో క్రిస్టిన్ చెనోవెత్‌కు దానికే ఎమ్మీ వచ్చింది. ఎనిమిది భాగాలుగా అనుకున్న ‘ఇన్‌ఫినిటీ ట్రెయిన్’ను నాలుగు భాగాలకే ముగించారు. 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ నుంచి కూడా దాన్ని తీసేశారు. వీటిని ప్రేమించే ప్రేక్షకులు, కొనసాగించాలనుకునే సృష్టికర్తలు ఉన్నారు. లేనిది మీ అనుమతి.

కాబట్టి అడిగేవి నాలుగు. ఐదేళ్లుగా ఏమీ చేయకుండా ఉంచిన సిరీస్‌ల జాబితా ప్రకటించి, సృష్టికర్తలు హక్కులు అద్దెకు తీసుకునే ధర, గడువు అందులోనే చెప్పండి. ప్రేక్షకుల డబ్బుతో సినిమా తీస్తే చట్టం అనుమతించిన పద్ధతిలో వాటా ఇవ్వండి. ఇచ్చే కాపీ ఏదో ఒక సేవకు కట్టేసి ఉండకుండా, వాళ్ల దగ్గరే శాశ్వతంగా ఉండేలా ఇవ్వండి. ఏటా ఒకసారి జమాఖర్చులు వాళ్లకు పంపండి.

మొదలుపెట్టడానికి ‘పుషింగ్ డెయిసీస్’ సరిపోతుంది. ‘వెరోనికా మార్స్’ విజయం చూశాక దాని సృష్టికర్త బ్రయన్ ఫుల్లర్ అదే దారి మీద బహిరంగంగా ఆసక్తి చూపారు. ఎంత మొత్తం కావాలో, ఎన్ని నెలల్లో కావాలో, ఇచ్చినవారికి ఎంత వాటా వస్తుందో మీరు చెప్పండి. ఆ మూడు అంకెల కోసం ప్రేక్షకులు ఎదురుచూస్తున్నారు.

ఇట్లు,
మధ్యలో ఆగిన కథలను మరిచిపోని ప్రేక్షకుల తరఫున