మార్కులు చెప్పని మాట

అమెరికాలో మెడికల్ సీటు రాక మళ్లీ దరఖాస్తు చేసే విద్యార్థి ముందుగా తిరగరాసేది తన గురించి తాను రాసుకున్న వ్యాసాన్నే. డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నదీ అందులో 5,300 అక్షరాల్లోపు చెప్పుకోవాలి.

బస్తర్ విద్యార్థిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. నీట్‌లో ఉన్నది 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఎన్నిసార్లు రాసినా మారేది ఆ అంకె ఒక్కటే. 2024 మే 5న దంతెవాడ కేంద్రంలో సమయం నష్టపోయిన అభ్యర్థులకు గ్రేస్ మార్కులు కలిపారు, తర్వాత తీసేశారు. దేశవ్యాప్తంగా అలాంటి 1,563 మందికి జూన్ 23న మళ్లీ పరీక్ష పెడితే హాజరైంది 813 మందే.

అంకెకు సుగుణమూ ఉంది. అక్కడ సిఫార్సు చెల్లదు. వ్యాసం అడగడం మొదలుపెడితే దాన్నీ కోచింగ్ సెంటర్లే రాసి అమ్ముతాయి. ఊళ్లో చెప్పి రాయించేవారు లేని పిల్లలే మళ్లీ వెనకబడతారు.

కానీ అంకెకు అందనిదీ ఒకటుంది. నీట్ 13 భాషల్లో జరుగుతుంది. వాటిలో తెలుగు ఉంది. గోండి, హల్బీ లేవు. జగ్దల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2006లోనే మొదలైంది. అయినా నొప్పి ఎక్కడో రోగి తన భాషలో చెబితే దుబాసీ లేకుండా అర్థం చేసుకోవడానికి ఏ ర్యాంకూ సాయపడదు. ఆ భాష ఇంట్లోనే నేర్చిన అభ్యర్థికి అందుకు ఒక్క మార్కూ రాదు.

సీటుకు మార్కులే కొలమానంగా ఉండనివ్వండి. చేరాక మాత్రం గోండి, హల్బీ నేర్పాలి. గ్రామీణ సేవకు పంపేనాడైనా అవి వచ్చా అని అడగాలి.