బొమ్మ మీద హక్కు ఎవరిది?

వరకట్న చావులు, కూలి రేట్లు, భూమి హక్కు, గృహహింస - ఇన్ని సమస్యలు కళ్ళెదుట ఉండగా సిరా గీతల గురించీ, దీపాల పెట్టెల్లో అమర్చిన బొమ్మల గురించీ సంపాదకీయం ఎందుకని కొందరు పాఠకులైనా అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. స్త్రీ ఎలా కనిపించాలో, ఆమె దేన్ని చూడాలో, ఏం గీయాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది కూడా హక్కుల ప్రశ్నే కనుక దీన్ని చర్చకు పెడుతున్నాం. అశ్లీల సినిమా పోస్టర్లకు తారు పూసిన నాటి నుంచీ స్త్రీల సంఘాలు మార్కెట్టును నిలదీస్తూనే ఉన్నాయి. అయితే మూస బొమ్మల్ని తయారుచేసేది మార్కెట్టు ఒక్కటేనా? ఇద్దరు కళాకారిణుల పనిని ముందు పెట్టుకుని ఈ విషయం ఆలోచిద్దాం.

షీబా ఛాఛీ 1980 నుంచీ ఢిల్లీలో వరకట్న వ్యతిరేక ఉద్యమంలో పాల్గొంటూనే దాన్ని ఫోటోలు తీశారు. పెళ్ళి చేసి పంపిన కూతురు కాలి చనిపోతే, ఇంట్లో కూర్చుని ఏడవకుండా వీధికెక్కిన సత్యరాణి వంటి తల్లులు ఆ ఫోటోల్లో ఉన్నారు. ఆ పోరాటాల ఒత్తిడి వల్లనే 1983లో భారత శిక్షాస్మృతిలో 498-ఎ, 1986లో 304-బి సెక్షన్లు చేరాయి. ఇటువంటి ఫోటోలు ఉద్యమానికి ఎంతో అవసరం. కానీ క్రమంగా రెండే రెండు బొమ్మలు మిగులుతాయి. ఒకటి ఏడ్చే తల్లి, రెండోది పిడికిలి ఎత్తిన కార్యకర్త. ఆ రెండింటి మధ్య ఉన్న మనిషి, ఆమె చదువు, హాస్యం, భయాలు, స్నేహాలు ఏమైపోయినట్టు?

ఈ ప్రశ్న నుంచే 'సెవెన్ లైవ్స్ అండ్ ఎ డ్రీమ్' రూపు దిద్దుకుంది. 1990-91లో షీబా ఏడుగురు ఉద్యమకారిణులతో కలిసి వాళ్ళ చిత్రాలు తీశారు. ఎక్కడ కూర్చోవాలి, పక్కన ఏ వస్తువులు ఉండాలి, ఎలా చూడాలి అన్నవి ఫోటో తీసేవాళ్ళు ఒక్కరే నిర్ణయించలేదు, ఫోటోలో ఉన్న స్త్రీలూ నిర్ణయించారు. సత్యరాణి చిత్రాల్లో ఒకటి సుప్రీంకోర్టు దగ్గర తీసినది. వీధి పోరాటాల ఫోటోలనూ ఈ చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. మొదటి వాటిలో ఆమెను మనం చూస్తున్నాం. రెండో వాటిలో ఆమె తనను తాను మనకు చూపిస్తున్నది. స్త్రీల జీవితాల మీద పరిశోధన చేసేవాళ్ళకూ, రిపోర్టులు రాసేవాళ్ళకూ ఇందులో ఒక పాఠం ఉంది. అనుమతి అంటే కాగితం మీద పెట్టించుకునే సంతకం మాత్రమే కాదు.

ఆ తర్వాతి కాలంలో షీబా దీపాల పెట్టెలతో పనిచేయటం మొదలుపెట్టారు. వెనుక వెలుగు పెట్టి ముందు బొమ్మను చూపటం తోలుబొమ్మలాట తెలిసిన మనకు కొత్త కాదు. ఇవాళ ఆ పద్ధతి ఎక్కువగా కనిపించేది దుకాణాల ముందరి ప్రకటనల్లో. నగలు, చీరలు, సబ్బులు అమ్మటానికి వెలిగించిన పెట్టెలో నవ్వుతూ నిలబడేది ఎప్పుడూ ఆడదే. జలపాతం కదులుతున్నట్టు భ్రమ కలిగించే చౌక రకం బొమ్మల పెట్టెలు కూడా బజారులో చూసే ఉంటాం. 2006-08 మధ్య చేసిన 'వింగ్డ్ పిలిగ్రిమ్స్'లో షీబా అటువంటి బజారు సరుకునే తీసుకుని వలస పక్షుల గురించీ, బాటసారుల గురించీ, బర్డ్ ఫ్లూ భయం గురించీ మాట్లాడారు. 2008లో పాత ఢిల్లీలో ప్రదర్శించిన 'ద వాటర్ డివైనర్' యమునా నది గతాన్ని గుర్తుచేసింది. అమ్మకానికి పుట్టిన పరికరం ఆమె చేతిలో జ్ఞాపకానికి పనికొచ్చింది. ఉద్యమం నుంచి వచ్చిన స్త్రీ ఎల్లకాలం ఊరేగింపుల బొమ్మలే చేస్తూ ఉండాలని ఎవరూ శాసించలేరు. నది గురించీ పక్షుల గురించీ ఆలోచించటం ఉద్యమాన్ని వదిలిపెట్టటం కాదు.

నస్రీన్ మొహమ్మదీ దారి ఇంకా వేరు. 1937లో కరాచీలో పుట్టి, లండన్‌లో చదువుకుని, 1972 నుంచి 1990లో మరణించేదాకా బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో పాఠాలు చెప్పిన ఆమె బొమ్మల్లో మనుషులు కనబడరు. సిరా, పెన్సిలు, ఇంజనీర్లు వాడే కొలత పరికరాలు - వీటితో కాగితం మీద గీసిన సన్నటి గీతలే ఉంటాయి. పేర్లు లేవు, చాలా వాటి మీద తేదీలూ లేవు. నరాల జబ్బు వల్ల శరీరం అదుపు తప్పుతున్న చివరి సంవత్సరాల్లోనూ గీత తప్పలేదు. 2013లో ఢిల్లీలో, 2015లో మాడ్రిడ్‌లో ఆమె పని మొత్తాన్ని పరిచయం చేస్తూ పెద్ద ప్రదర్శనలు జరిగాయి. 2016లో న్యూయార్క్‌లో మెట్ బ్రూయర్ మ్యూజియం ఆమె ప్రదర్శనతోనే తలుపులు తెరిచింది. ఇవన్నీ ఆమె పోయిన తర్వాత ఇరవై ఏళ్ళు దాటాక వచ్చిన గౌరవాలు.

ఇందులో స్త్రీ ఎక్కడుంది, సమస్య ఎక్కడుంది అని అడగవచ్చు. గీసిన చేయి స్త్రీది. స్త్రీకి శరీరం ఉంటుంది, కన్నీళ్ళు ఉంటాయి, గణితం మాత్రం ఉండదని పితృస్వామ్యం చెబుతూ వచ్చింది. తెల్లవారకముందే చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేసే చేతిలోని జ్యామితిని ఇంటిపని కింద జమకట్టింది. తన బాధ చెప్పుకుంటేనే స్త్రీ కళాకారిణి అవుతుందనటం కూడా ఆ భావజాలానికి మరో ముఖమే. బాధ గురించి చెప్పటం హక్కు అయినట్టే, బాధ గురించి కాక ఒక సరళరేఖ గురించి ఆలోచించటం కూడా హక్కే.

అయితే హక్కు గాలిలో నిలబడదు. నస్రీన్‌కు ఒక ఉద్యోగం ఉంది, జీతం ఉంది, గీసుకోవటానికి బల్ల ఉంది. ఇవి ఎంతమందికి ఉన్నాయి? వంటపని ముగిశాక మిగిలిన గంటలో గీసే స్త్రీ, ప్రదర్శనకు హాలు అద్దె ఎక్కడి నుంచి తేవాలి? బిడ్డను ఎవరికి అప్పగించి మరో ఊరు వెళ్ళాలి? ప్రభుత్వ అకాడమీల ఎంపిక సంఘాల్లో స్త్రీలు ఎందరు, ప్రదర్శనలకిచ్చే డబ్బులో వాళ్ళ వాటా ఎంత అన్న లెక్కలు అడగవలసింది మనమే.

మన పరిధిలో వెంటనే చేయగలిగినవీ ఉన్నాయి. సభల కరపత్రాలకూ, పోస్టర్లకూ, పత్రికల ముఖచిత్రాలకూ బొమ్మలు వేసిన స్త్రీల పేరు అచ్చువేయాలి, పనికి తగిన డబ్బు ఇవ్వాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా ఆ రచన తనదేనని చెప్పుకునే హక్కు కర్తకు ఉంటుంది. తన పేరుకు మచ్చ తెచ్చేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది. ఈ సంగతి బొమ్మలు వేసే ప్రతి స్త్రీకీ తెలియాలి. ఫోటో తీయించుకునే స్త్రీని, ఎలా కనిపించాలనుకుంటున్నావని ముందుగా అడగాలి.

ఉద్యమానికి బొమ్మలు కావాలి, సందేహం లేదు. కానీ బొమ్మ వేసేవాళ్ళూ, బొమ్మలో ఉండేవాళ్ళూ ఉద్యమానికి పనిముట్లు కారు. వాళ్ళకు మాట దక్కని చోట, మార్కెట్టు మూసకూ మన మూసకూ తేడా ఏముంటుంది?