ఫ్రెంచి లృఙర్థకక్రియల ఉచ్చారణము – మన అక్షరశాస్త్రము

చిట్యాల ప్రాంతమునుండి నగరమునకు వెళ్లి, ఇంటర్మీడియట్‌లో ద్వితీయభాషగా ఫ్రెంచిని స్వీకరించిన ఒక విద్యార్థిని సెలవులలో నన్ను కలిసికొన్నది. ‘మీరు కోరియుందురు’ అను అర్థమునిచ్చు ‘వుద్రియే’ అను క్రియాపదమును ఆమె తరగతిలో ఆంగ్లపు అలవాటుతో ‘వౌడ్రీజ్’ అని చదివినదట. తోడివారు నవ్విరట. ‘విని పలుకవలెను’ అని మాత్రమే అధ్యాపకులు చెప్పిరట. పరీక్షలో ఆమెకు మంచి మార్కులే వచ్చినవి. పదము మాత్రము నోటికి రాలేదు. “ఆ పదమున అక్షరములు రెండా, మూడా? మూడైనచో ఏల మూడు?” అని ఆమె నన్నడిగినది.

ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానము మన ప్రాచ్యకళాశాలల గ్రంథాలయములలోనే ఉన్నదని నా అభిప్రాయము. తైత్తిరీయప్రాతిశాఖ్యమును, ఛందశ్శాస్త్రమును చదివినవారు ఫ్రెంచి లృఙర్థకక్రియలను ఇతరులకంటె సులభముగా విడదీసి పలుకగలరు. మన విద్యార్థికి ఈ సంగతి ఎవరును చెప్పకుండుటయే లోపము. ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచినది ఇంతమాత్రమే.

మొదట రూపనిర్మాణమును చూతము. పాణిని అష్టాధ్యాయి మూడవ అధ్యాయము మూడవ పాదమున క్రియాతిపత్తియందు లృఙ్‌ను విధించినాడు. కారణము లేక కార్యము జరుగకపోవుట క్రియాతిపత్తి. ‘భవిష్యతి’ యందలి భవిష్యత్ప్రకృతికి ముందు అడాగమమును, చివర లఙ్‌నందలి వలె భూతకాలప్రత్యయమును చేర్చగా ‘అభవిష్యత్’ సిద్ధించును. అనగా లృఙ్ భవిష్యత్తునకు భూతరూపము. ఫ్రెంచి లృఙర్థకమును అట్టిదే. ‘మాట్లాడు’ అను అర్థముగల ‘పర్లే’ ధాతువునకు భవిష్యత్తున ‘పర్లరే’ అనియు, ఆ భవిష్యత్ప్రకృతికే అసమాపకభూతపు ప్రత్యయము చేరగా ‘పర్లరె’ అనియు రూపములు. లాటిన్‌లో తుమున్నంతమునకు ‘కలిగియుండు’ అను క్రియ అనుప్రయుక్తమై ఈ రూపములు పుట్టినవి. ఆ సహాయక్రియ వర్తమానమైనచో భవిష్యత్తు, భూతమైనచో లృఙర్థకము. రెండు భాషలును వేర్వేరు కాలములందు, వేర్వేరు సామగ్రితో ఒకే ఉపాయమును కనుగొన్నవి.

ఈ పోలికలు చూచుట మనకు క్రొత్త కాదు. తెలుగునాట నివసించి తెలుగు నేర్చిన ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు కేర్దూ 1767లో పారిస్‌లోని విద్వత్పరిషత్తునకు లేఖ వ్రాయుచు సంస్కృత, లాటిన్, గ్రీకు భాషల బంధుత్వమును ప్రస్తావించినాడు. ‘అస్మి, అసి, అస్తి’ వంటి క్రియారూపములును ఆయన చూపిన ప్రమాణములలోనివి. విలియం జోన్స్ 1786లో చేసిన ప్రసిద్ధోపన్యాసమునకు ఇది దాదాపు ఇరువది సంవత్సరములు ముందు. తరువాత రెనియే పండితుడు 1857–59 నడుమ ఋగ్వేదప్రాతిశాఖ్యమును ఫ్రెంచి అనువాదముతో ప్రకటించినాడు. వారు మన శిక్షాశాస్త్రమును వారి భాషలో చదువుకొన్నారు. వారి భాషను మన శిక్షాశాస్త్రముతో చదువుటకు మనమేల సంకోచింపవలెను?

ఇక అక్షరవిభాగము. తైత్తిరీయప్రాతిశాఖ్యము ఇరువదియొకటవ అధ్యాయమున ఏ వ్యంజనము ఏ స్వరమునకు అంగమగునో నిర్ణయింపబడినది. వ్యంజనము స్వరమునకు అంగము. సామాన్యముగా పరస్వరమునకే చెందును. సంయోగమున మొదటి వ్యంజనము పూర్వస్వరమునకు చెందును. అయితే దానికి ఒక అపవాదము: తనకు అసవర్ణమైన అంతస్థము, అనగా య, ర, ల, వలలో ఒకటి, పరమైనపుడు ఆ వ్యంజనము పూర్వస్వరమునకు చెందదు.

ఈ ఉత్సర్గాపవాదములను ఫ్రెంచికి అన్వయించి చూడుడు. ‘పర్లరె’ యందు రేఫలకారములు రెండును అంతస్థములే. కాని ఫ్రెంచివారు రేఫమును పూర్వస్వరమునకే చేర్తురు: పర్–ల–రె. ఇచట ప్రాతిశాఖ్యనియమము సరిపడదు. ఫ్రెంచియందు అపవాదము స్పర్శోష్మములపై రేఫలకారములు వచ్చినపుడే ప్రవర్తించునని సవరించుకొనవలెను. ‘నేను కోరియుందును’ అను ‘వుద్రె’ యందు దకారముపై రేఫము కలదు, కావున వు–ద్రె. ‘వచ్చియుందును’ అను ‘వ్యెఁద్రె’ యందును అట్లే: వ్యెఁ–ద్రె. ఈ ఒక్క సవరణతో నియమము చక్కగా నడచును.

(ఇచట లిపిసంకేతములను గూర్చి ఒక మాట. సంవృతమైన ఎకారమును ‘ఏ’ అనియు, వివృతమును ‘ఎ’ అనియు సౌకర్యమునకై వ్రాయుచున్నాను. హ్రస్వదీర్ఘభేదముగా గ్రహింపరాదు. అనునాసికస్వరమునకు మన అరసున్న చక్కగా పనికివచ్చినది.)

మన విద్యార్థులు పొరపడు స్థానమిదియే. తెలుగువారు ‘చక్రము’ అనునపుడు కకారమును ఒత్తి పలుకుదురు. ప్రాతిశాఖ్యము పదునాల్గవ అధ్యాయమున చెప్పబడిన ద్విత్వమిదియే. అందుచేతనే పూర్వాక్షరము గురువగుట చెవికి స్పష్టమగును. ఆ అలవాటుతో ‘వుద్ద్రె’ అనినచో ఫ్రెంచివారికి వింతగా ఉండును. ఇచట ద్విత్వమును మానవలెనని చెప్పిన చాలును. విద్యార్థికి వెంటనే బోధపడును. అదే ద్విత్వము మరియొకచోట ఉపకరించును. ‘పరుగెత్తుచుంటిని’ అను భూతరూపము ‘కు–రె’. ‘పరుగెత్తియుందును’ అను లృఙర్థకము ‘కుర్–రె’. రెంటికిని భేదము రేఫద్విత్వమొక్కటే. దీర్ఘవ్యంజనమును సహజముగా పలుకు తెలుగువానికి ఇది కష్టము కాదు.

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వత్తము. ‘మీరు పూర్తిచేసియుందురు’ అనుట ‘ఫి–ని–ర్యే’. ఇందు ‘ర్యే’ ఒకే అక్షరము. ‘మీరు కోరియుందురు’ అనునపుడు మాత్రము ‘వు–ద్ర్యే’ కాక ‘వు–ద్రి–యే’ అని మూడక్షరములు. ద, ర, య అను మూడు వ్యంజనములను ఒక్క స్వరముపై మోపుట కష్టము గనుక యకారము ‘ఇయ’ అగుచున్నది. ప్రాచీన ఫ్రెంచి కవులు ఇట్టిచోట్ల ఒకే అక్షరముగా లెక్కించెడివారు. కొర్నేయ్ కవి ‘ల సీద్’ (1637) నాటకమున ‘హంతకుడు’ అను అర్థముగల ‘మర్త్రియే’ పదమును మూడక్షరములుగా ప్రయోగించుట ఆనాడు చర్చనీయాంశమైనది. తరువాత ఆ పలుకుబడియే నిలిచినది.

ఈ మార్పు మనకు చిరపరిచితము. ‘త్ర్యంబక’ శబ్దమును కాళిదాసు కుమారసంభవమున ‘త్రియంబక’ అని ప్రయోగించినాడు. గాయత్రియందు ‘వరేణ్యమ్’ అనుదానిని ‘వరేణియమ్’ అని విడదీసినగాని అక్షరసంఖ్య ఇరువదినాలుగు కాదు. ఛాందసులు దీనిని ఇయాదిపూరణమనిరి. ‘వుద్ర్యే’ వుద్రియే అగుటయు, ‘త్ర్యంబక’ త్రియంబక అగుటయు ఒక్కటే న్యాయము. ఈ మాట చెప్పగానే ఆ విద్యార్థిని ముఖము వికసించినది. నవ్వులపాలైన పదము ఆమెకు తన ఊరి శివాలయమున విన్న పేరు వంటిదే అయినది.

తరువాత మూగ ఎకారము. ‘నేను ప్రేమించియుందును’ అనుట పద్యమున ‘ఎ–మ–రె’, వాడుకలో ‘ఎమ్–రె’. నడిమి దుర్బలస్వరము లోపించుచున్నది. అయినను ‘మేము ప్రేమించియుందుము’ అనుచోట అది లోపింపదు: ఎ–మ–ర్యోఁ. లోపించినచో మ, ర, యలు మూడును కలియును గనుక. ‘పర్–ల–రె’ యందును అది నిలుచుటకు అట్టి వ్యంజనసమ్మర్దమే హేతువు. మన ‘చేసితే’ అను రూపము ‘చేస్తే’ అగుటను గమనింపుడు. అదియును నడిమి స్వరలోపమే. ‘కలుగు, కల్గు’ అని కవులు ఛందస్సునుబట్టి రెండును వాడుటయు తెలిసినదే.

ఇచటనే లిపి చేయు మోసమొకటి కలదు. మా చిట్యాల వైపున, ఉత్తరతెలంగాణమందంతటను, ‘వస్తే’ అనుటకు ‘అస్తే’ అందురు. దీనిని మనము ‘అ, స్తే’ అని రెండు లిప్యక్షరములుగా వ్రాయుదుము. నోరు మాత్రము ‘అస్–తే’ అని విడదీయును. తకారము అంతస్థము కాదు గనుక ప్రాతిశాఖ్యము చెప్పునదియు అదియే. అకారము గురువగుటకు హేతువును ఇదియే. లిప్యక్షరము వేరు, ఉచ్చారణాక్షరము వేరు. ఈ వివేకము లేనిచో తెలుగులిపిలో వ్రాసిన ఫ్రెంచిపదమును సైతము తప్పుగానే పలుకుదుము. నాగరికులు మొరటుదని తలచు ‘అస్తే’ ఈ సూక్ష్మమును బోధించుటకు మంచి ఉదాహరణమగుట నాకు సంతోషము.

భవిష్యత్తునందలి ‘పర్లరే’, లృఙర్థకమందలి ‘పర్లరె’ అను రూపముల తుదిస్వరభేదమును ఇట్లే చెప్పవచ్చును. మనము ‘మేటి’ అనునపుడు ఏకారము సంవృతము. ‘మేడ’ అనునపుడు పరమందలి అకారమువలన వివృతము. మన లిపి ఈ భేదమును చూపదు గాని నోరెరుగును. ఫ్రాన్సు దక్షిణప్రాంతమున ఈ రెండు క్రియారూపములను ఒకే తీరుగా సంవృతముగా పలుకువారు అనేకులు. కావున ఈ భేదము పట్టువడలేదని విద్యార్థి కుంగిపోనక్కరలేదు.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ క్రియను ‘చేదర్థకము’ అని బోధించుట ప్రమాదకరము. మన చేదర్థకము ‘తీరిక యుండిన’ అను కారణవాక్యమున నుండును. ఫ్రెంచి లృఙర్థకము ‘వచ్చియుందును’ అను కార్యవాక్యమున నుండును. ‘సి’ అను యద్యర్థకము గల వాక్యమున అసమాపకభూతమే వచ్చును. సంస్కృతమున లృఙ్ రెండు వాక్యములందును వచ్చును. ఈ మూడు పద్ధతులను ఒకచో చూపినచో తప్పులు సగము తగ్గును.

అంతర్జాతీయ ధ్వనిలిపి ఉండగా ఈ శ్రమ ఏల అని కొందరనవచ్చును. ఆ లిపిని నేను నిరసింపను. అది ధ్వనిని చూపును. ‘ఏల మూడక్షరములు’ అను ప్రశ్నకు తనంత తాను సమాధానము చెప్పదు. ప్రాతిశాఖ్యకారునికి ఫ్రెంచి తెలియుననుట హాస్యాస్పదము. పైన చూపినట్లు ఆయన నియమము ఒకచోట సరిపడనూ లేదు. కాని ఎచట సరిపడునో, ఎచట సరిపడదో తేల్చుటయే శాస్త్రాభ్యాసము.

యానామునందు 1954 వరకు ఫ్రెంచిపాలన సాగినది. తెలుగుబిడ్డ ఫ్రెంచి పలుకుట నాటికే వింత కాదు, నేడును కారాదు. నా ప్రార్థన రెండు విషయములు. ఫ్రెంచి బోధించువారు క్రియారూపములను తెలుగులిపిలో ఉచ్చారణాక్షరములుగా విడదీసి ఒక్క పుటయైనను విద్యార్థులకు ఇవ్వవలెను. ప్రాచ్యకళాశాలలందు శిక్షాపాఠము చెప్పువారు ఒక సజీవ విదేశభాషనుండి ఉదాహరణములు తీసికొనవలెను. అట్లు చేసినచో ప్రాతిశాఖ్యము పరీక్షకై వల్లెవేయు గ్రంథముగా మిగిలిపోదు. చిట్యాల వంటి ఊరినుండి వచ్చిన పిల్లకు నలుగురిలో నోరు తెరచి మాట్లాడు ధైర్యమునిచ్చును.